గమ్‌షూ అని ఎవరు ఎవరిని అంటారు?

తమ్ముడూ,

నువ్వు పంపిన కథ చదివాను. 1934 శాన్‌ఫ్రాన్సిస్కో, రేవు కూలీల సమ్మె, ఆ గొడవలో కనిపించకుండా పోయిన గుమాస్తా, అతన్ని వెతికే ప్రైవేటు డిటెక్టివ్. ఎత్తుగడ బాగుంది. సమ్మె నేపథ్యం ఎంచుకోవడం ఇంకా బాగుంది.

పంటికింద రాయిలా తగిలింది ఒక్కటే, డిటెక్టివును వెటకారంగా అనే ‘గమ్‌షూ’ అన్న ఇంగ్లీషు స్లాంగ్ మాట. కథ చెప్పే గొంతు హీరోని గమ్‌షూ అంటుంది. పోలీసులు అంటారు. కేసు అప్పగించడానికి వచ్చిన ఆవిడా అంటుంది. ఆఖరికి వాళ్ళమ్మ కూడా ‘మా గమ్‌షూ వచ్చాడు’ అని అన్నం వడ్డిస్తుంది (శాన్‌ఫ్రాన్సిస్కోలో అన్నం సంగతి తర్వాత మాట్లాడుకుందాం). ఆ కాలపు వాసన రావాలని పెట్టావని నాకు తెలుసు. కానీ స్లాంగ్ మాట వాడేటప్పుడు అర్థం తెలిస్తే చాలదు, ఎవరు ఎవరిని ఎవరి ముందు అన్నారో తెలియాలి.

ఆ మాట పుట్టుక చూడు. గమ్ అంటే రబ్బరు. గమ్‌షూలంటే వానలో తోలుబూట్లు తడవకుండా పైన తొడుక్కునే రబ్బరు జోళ్ళు. తోలుబూట్లు చెక్కనేల మీద టకటకలాడతాయి, రబ్బరువి చప్పుడు చెయ్యవు. కాబట్టి 1900 ప్రాంతంలో ఈ మాట డిటెక్టివుకు అంటుకున్నా, దొంగకూ అంతే బాగా సరిపోయేది. అసలు విషయం పిల్లిలా నడవడం. ఆ రోజుల్లోనే మిస్సోరీ రాష్ట్రానికి విలియం జోయెల్ స్టోన్ అనే రాజకీయ నాయకుడు ఉండేవాడు. గవర్నరుగా చేసి, 1903 నుంచి సెనేటరుగా ఉన్నాడు. తెరవెనక చప్పుడు కాకుండా పావులు కదుపుతాడని జనం ఆయన్ని ‘గమ్‌షూ బిల్’ అన్నారు. అందులో డిటెక్టివ్ పని ఏమీ లేదు. చాటుమాటు వ్యవహారం మీద ఎకసెక్కం, అంతే.

ఆ ఎకసెక్కం పోతే మాట చచ్చిపోతుంది. కష్టంలో ఉండి, రుమాలు నలుపుకుంటూ వచ్చిన ఆవిడ ఎదురుగా కూర్చున్న మనిషిని గమ్‌షూ అనదు. ‘మిస్టర్ ఫలానా’ అంటుంది. స్టేషన్లో సార్జెంటు అంటాడు, ప్రైవేటువాడంటే అతనికి చిన్నచూపు కాబట్టి. విలన్ అంటాడు. హీరో తన మీద తనే విసుగ్గా అనుకోవచ్చు. కథ చెప్పే గొంతు మాత్రం అనకూడదు. అంటే అది ఎవరి పక్షమో పాఠకుడికి అర్థం కాదు.

రేవు కూలీల సంగతి కూడా ఆలోచించు. నీ కథలో వాళ్ళూ గమ్‌షూ అనే అంటున్నారు. వాళ్ళ మనసులో డిటెక్టివ్ అంటే ఎవరో తెలుసా? 1850లో షికాగోలో పెట్టిన పింకర్టన్ డిటెక్టివ్ ఏజెన్సీ గుర్తు తెరిచి ఉన్న కన్ను, దాని కింద ‘మేము నిద్రపోము’ అన్న మాట. ప్రైవేటు డిటెక్టివును ‘ప్రైవేట్ ఐ’ అనడం ఆ కన్ను నుంచే వచ్చిందని చాలామంది చెబుతారు. ఇన్వెస్టిగేటర్‌లోని ‘ఐ’ అక్షరమని ఇంకొందరంటారు. పేపరు చదివే పెద్దమనుషులకు ఆ కన్ను ధైర్యం. కూలీలకు కాదు. 1892లో హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారం సమ్మె అణచడానికి దాదాపు 300 మంది పింకర్టన్ మనుషులను పడవల మీద దించితే తుపాకులు పేలాయి, రెండు వైపులా ప్రాణాలు పోయాయి. అందుకే యూనియన్ మనిషి నోట ‘పింకర్టన్’ అంటే తిట్టే. ఆ పడమటి తీరంలోని కొన్ని రేవుల్లో కంపెనీ చెప్పుచేతల్లో ఉండి కూలీలను పనికి ఎంచే హాలును ‘ఫింక్ హాల్’ అనేవారు. ఫింక్ అంటే సమ్మె విరగ్గొట్టేవాడు, చాడీలు మోసేవాడు. నీ హీరో శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో అడుగుపెడితే అతనికి పడేది గమ్‌షూ కాదు, ఇదే.

డిటెక్టివుకే ఇంకో స్లాంగ్ మాట ‘డిక్’, దాన్నీ వదిలెయ్. ఆ రోజుల్లో అది పత్రికల్లో, సినిమాల్లో దర్జాగా తిరిగిన మాటే. 1931లో మొదలైన డిక్ ట్రేసీ బొమ్మల కథలో ‘డిక్’ అంటే డిటెక్టివే. హోటల్లో దొంగల్ని, బిల్లు ఎగ్గొట్టేవాళ్ళని కనిపెట్టుకుని ఉండే ఉద్యోగిని ‘హౌస్ డిక్’ అనేవారు. కానీ ఇవాళ నీ పాఠకుడికి ముందు తట్టేది బూతు. సీరియస్ సీనులో కిసుక్కుమంటే ఏం చేస్తావు?

చెవికి బాగుందని మాట ఎత్తుకుంటే ఏమవుతుందో చెప్పడానికి అమెరికన్ డిటెక్టివ్ కథల రచయిత డాషియల్ హామెట్ కథ ఒకటుంది. ఆయన స్వయంగా పింకర్టన్‌లో పనిచేసినవాడు. 1929లో తన నవలను బ్లాక్ మాస్క్ పత్రికలో సీరియల్‌గా ఇస్తున్నప్పుడు, బూతులంటే పడని సంపాదకుడి కళ్ళు కప్పి ‘గన్సెల్’ అన్న మాట దూర్చాడు. దేశదిమ్మరుల భాషలో దానికి, ఒక మగవాడు చేరదీసి ఉంచుకున్న కుర్రవాడని అర్థం. గన్ అని వినబడగానే సంపాదకుడు తుపాకీ పట్టినవాడనుకుని ఊరుకున్నాడు. వెనకొచ్చిన రచయితలూ అలాగే అనుకుని వాడేశారు. ఇప్పుడు నిఘంటువుల్లో ఆ తప్పు అర్థం కూడా ఎక్కి కూర్చుంది. తమాషాగానే ఉంటుంది కానీ, హామెట్ తెలిసి చేశాడు, మిగతావాళ్ళు తెలియక చేశారు.

సరే, తెలుగులో ఏం చెయ్యాలి? మన దగ్గర ‘పెద్ద సీఐడీ బయల్దేరాడు’ అంటాం చూడు, దాని స్వరం గమ్‌షూకి బాగా దగ్గర. పూర్తి తిట్టూ కాదు, గౌరవం అసలే కాదు. అయినా శాన్‌ఫ్రాన్సిస్కో సార్జెంటు నోట సీఐడీ పెట్టకు. పెడితే వెంటనే మన మఫ్టీవాళ్ళు, ఐడీ పార్టీ కానిస్టేబుళ్ళు కళ్ళముందుకొస్తారు. స్వరం తీసుకో, మాట వదిలెయ్. ఇంగ్లీషులో లేని సౌకర్యం మనకుంది, మీరు, నువ్వు, ఏరా. నీ వాక్యం ఇది: ‘గమ్‌షూ లోపలికి రాగానే సార్జెంటు కోపంగా చూశాడు.’ నేనైతే ఇలా రాస్తాను:

‘అతను లోపలికి వచ్చాడు. సార్జెంటు తల ఎత్తలేదు. రండి గమ్‌షూ దొరగారూ, ఈసారి ఎవరింటి కిటికీ దగ్గర నక్కావు? అన్నాడు.’

‘రండి’ అని ‘నక్కావు’లోకి దిగడం గమనించు. కోపం అని వేరే చెప్పక్కర్లేదు. ఆ మాట కథ మొత్తంలో అక్కడ ఒక్కసారి ఉంటే చాలు. మిగతా చోట్ల పేరో, ‘అతను’ అనో రాసెయ్.

రేవు సీను, హోటల్ సీను తిరగరాసి పంపు. హోటల్ మనిషికి కూడా మీరు–నువ్వు ఎక్కడ మారాలో నువ్వే చూసుకో, నేను చెప్పను. ఆ అన్నం వడ్డించడం మటుకు తీసెయ్యి నాయనా.

మీ అన్న