బంగారం 'పోగొట్టుకున్నాడా', 'పోగొట్టుకుంటాడా'?

సందేహం: నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. పాత తెలుగు నవలలు చదివి, ఆ వారం చదివిన భాగం ఎలా అనిపించిందో వారానికో పేజీ రాయాలని మాకు పెట్టారు. రాజశేఖర చరిత్రము గురించి రాస్తూ "రాజశేఖరుడు బైరాగిని నమ్మి బంగారం పోగొట్టుకుంటాడు" అన్నాను. తెలుగు సార్ దాన్ని "పోగొట్టుకున్నాడు" అని దిద్దారు. ఇంగ్లీషు మేడమేమో నవల కథ ఎప్పుడూ ప్రెజెంట్ టెన్స్‌లోనే చెప్పాలంటారు. ఎవరి మాట వినాలి? ఇంకొకటి, ఈ నవలలు చదివీ చదివీ నా రాతలోకి "వెళ్లెను, చూచెను" వచ్చేస్తున్నాయి. అది తప్పా?

సమాధానం: మీరు రాసిందీ తప్పు కాదు, సార్ దిద్దిందీ తప్పు కాదు. కానీ మీరు రాసే లాంటి పేజీకి నేనైతే మీ వాక్యాన్నే ఉంచుతాను. మేడం చెప్పిన కారణానికి మాత్రం కాదు.

సార్ అభ్యంతరం ఏమై ఉంటుందో ఊహించగలను. "పోగొట్టుకుంటాడు" అంటే ఇకముందు పోగొట్టుకోబోతున్నాడనే అర్థం కూడా వస్తుంది కదా, నవలలో జరిగిపోయిన దాన్ని అలా ఎలా అంటామని. నిజమే, "రేపు వస్తాడు" అన్నా "రోజూ వస్తాడు" అన్నా క్రియ ఒకటే. అయితే ఈ రూపానికి ఇంకో పని కూడా ఉంది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు తద్ధర్మార్థం అని నాలుగోదాన్ని చెప్పాడు. ఫలానా కాలమని లేకుండా, ఆ వస్తువుకో మనిషికో ఉన్న తీరును చెప్పేది అది. గ్రాంథికంలో దానికి "చేయును" లాంటి వేరే రూపాలు ఉండేవి, భవిష్యత్తుకు "చేయగలడు" ఉండేది. ఇప్పుడు మనం మాట్లాడే తెలుగులో ఆ రెండు పనులనూ "చేస్తాడు" ఒక్కటే మోస్తోంది. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి రాసిన 1985 నాటి ఆధునిక తెలుగు వ్యాకరణంలోనూ భవిష్యత్తునూ అలవాటునూ ఒకే రూపం కింద చూపించారు.

సూత్రాలు అలా ఉంచండి. మీ స్నేహితురాలికి సినిమా కథ చెప్పేటప్పుడు ఏమంటారు? "హీరో ఊళ్లో దిగుతాడు, దిగగానే విలన్ మనుషులు చుట్టుముడతారు, వాడు ఒక్కడే అందర్నీ కొడతాడు" అనే కదా. అదే మీ వీధిలో నిన్న నిజంగా కొట్లాట జరిగితే "దిగాడు, చుట్టుముట్టారు, కొట్టాడు" అంటారు. ఈ తేడా ఎవరూ నేర్పకుండానే మన నోట్లో ఉంది. నవల కథకు కూడా అదే వాడుక. ఇంగ్లీషు నుంచి తెచ్చుకోవాల్సిన పని లేదు. పైగా మేడం మాటను అక్షరాలా పాటిస్తే మన వర్తమానం "నమ్ముతున్నాడు, పోగొట్టుకుంటున్నాడు" అవుతుంది, పేజీ మొత్తం క్రికెట్ కామెంటరీలా తయారవుతుంది. ఒక దృశ్యాన్ని కళ్లముందు నిలబెట్టాలనుకున్నప్పుడు ఒకటి రెండు వాక్యాలకైతే అదీ బాగానే ఉంటుంది, ఆపైన విసుగు.

మీ పేజీకి "-తాడు" నప్పుతుందనడానికి అసలు కారణం వేరే ఉంది. మీరు రాసేది కథాసంగ్రహం కాదు. అందులో మీరూ ఉన్నారు, రాజశేఖరుడూ ఉన్నాడు, రాసిన వీరేశలింగమూ ఉన్నారు. అందరినీ భూతకాలంలోనే పెడితే ఇలా ఉంటుంది: "బైరాగి బంగారంతో ఉడాయించాడు. నాకు కోపం వచ్చింది. రాజశేఖరుడు ఊరు వదిలాడు. ఆ రోజు అక్కడితో ఆపేశాను." ఏది ధవళేశ్వరంలో జరిగిందో ఏది మీ హాస్టల్ గదిలో జరిగిందో ప్రతి వాక్యం దగ్గరా పాఠకుడు ఆగి చూసుకోవాలి. కథలో జరిగేదాన్ని "-తాడు"లో పెట్టి, మీకు జరిగినదాన్నీ పుస్తకానికి జరిగినదాన్నీ భూతకాలంలో పెడితే ఆ చిక్కు దానంతటదే విడిపోతుంది: "బైరాగి బంగారంతో ఉడాయిస్తాడు. ఇక్కడ నాకు కోపం వచ్చింది. వీరేశలింగం ఈ నవలను 1878లో వివేకవర్ధిని పత్రికలో మొదలుపెట్టారు, 1880లో పుస్తకంగా వచ్చింది." ఎవరు ఎక్కడున్నారో క్రియే చెప్పేస్తోంది.

కథ లోపల కూడా భూతకాలం అవసరమయ్యే చోట్లుంటాయి. మీరు చెబుతున్న ఘట్టానికి ముందే జరిగిపోయినవాటికి అదే కావాలి. ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి గురించి రాస్తే, "వెంకటదాసు దోపిడీదారుగా మారతాడు. అప్పటికే సంగదాసు చౌదరయ్య చేతిలో చనిపోయాడు" అనాలి. రెండో వాక్యంలో కూడా "చనిపోతాడు" అన్నారా, వరస తారుమారవుతుంది.

ఎక్కువమంది తడబడేది అలవాటు దగ్గర. రావిశాస్త్రి అల్పజీవి చదివి "సుబ్బయ్య భయపడతాడు" అని ఊరికే రాస్తే, ఆ సన్నివేశంలో భయపడ్డాడనా, మనిషే అలాంటివాడనా? ఆ నవలలో ఉన్నదంతా ఆ భయమే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. స్వభావం చెప్పాలంటే "భయపడుతూ ఉంటాడు" అనండి, ఒక్క సందర్భమైతే "ఆ మాట వినగానే భయపడతాడు" అని సందర్భాన్ని ముందు పెట్టండి. వ్యతిరేకార్థంలో ఇంకా జాగ్రత్త కావాలి. "ఎదురు మాట్లాడడు" అంటే స్వభావమో, ఒక్కోసారి పట్టుదలో. "మాట్లాడలేడు" అంటే చేతకానితనం. "మాట్లాడలేదు" అంటే ఆ పూట అలా జరిగిందంతే, ఎందుకో తెలియదు. చివరి రెండింటికీ ఒక్క అక్షరమే తేడా, టైపు చేసేటప్పుడు ఒకదానికి ఒకటి పడిపోవడం రోజూ చూస్తుంటాను. సుబ్బయ్య విషయంలో మీరు ఏది ఎంచుకుంటారన్నది వ్యాకరణం తేల్చేది కాదు, ఆయన్ని మీరు ఎలా అర్థం చేసుకున్నారన్నది. కాబట్టి అక్కడ కాస్త ఆగి రాయండి.

మీరు అడగలేదు గానీ, మున్ముందు బారిస్టర్ పార్వతీశం చదివితే ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. ఆ కథంతా పార్వతీశమే "నేను" అంటూ చెప్పుకుంటాడు. ఆ ఊపులో మీ పేజీలో కూడా "నేను మద్రాసులో ఆడవాళ్ల టోపీ కొన్నాను" అని వచ్చేయగలదు, నవ్వుకోకండి, వచ్చిన పేపర్లు దిద్దాను. మీ పేజీలో "నేను" మీ ఒక్కరికే. ఆయన్ని "పార్వతీశం"గానే ఉంచి, ఆయన సొంత మాట కావాలనుకున్నప్పుడు కొటేషన్లలో పెట్టండి.

ఇక "వెళ్లెను, చూచెను". వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు, చక్కటి భూతకాల రూపాలు. కానీ "రాజశేఖరుడు బయలుదేరెను, అది చదువుతుంటే నాకు టెన్షన్ వచ్చింది" అని రాస్తే రెండు కాలాల తెలుగు ఒకే వాక్యంలో కొట్టుకుంటుంది. మంచి వచనం వరసగా చదివితే ఆ నడక చేతికి అంటుకోవడం సహజం, దానికి దిగులు పడకండి. రాసింది ఒకసారి పైకి చదువుకుంటే మీది కానిది మీకే వినిపిస్తుంది, దాన్ని మార్చేయండి. పాత నవల రాసినాయన మీద గౌరవంతో పాత భాష పట్టుకోవాలనేమీ లేదు. ఆ వీరేశలింగమే చివరికి 1919లో వ్యావహారిక భాష కోసం పెట్టిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షుడయ్యారు. నవలలోంచి వాక్యం ఎత్తి రాసేటప్పుడు మాత్రం మీ చెయ్యి పెట్టకండి, "చూచెను" ఉంటే "చూచెను"గానే, అరసున్న ఉంటే అరసున్నతోనే రాయాలి.

మీ సార్‌కి ఇదంతా చూపించినా ఆయన "పోగొట్టుకున్నాడు" అనే అంటే, మార్కులు వేసేది ఆయన కాబట్టి ఆ పేజీ మొత్తం భూతకాలంలోనే రాయండి. అప్పుడు మీ అభిప్రాయాలను కథతో కలపకుండా విడి పేరాలో పెట్టండి.