మత్తు దిగిన ఎలుక ఎందుకు తినలేదు?

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివాను. కొత్త మందు ఇచ్చిన చిట్టెలుకలు ఆ రాత్రి సగం మేతే తిన్నాయని, ఆ మందు ఆకలిని చంపేసిందని రాశావు. కాస్త ఆగు. మందు ఎక్కించడానికి వాటికి ముందు ఐసోఫ్లురేన్ అనే మత్తు గ్యాస్ ఇచ్చావు కదా, దాని వాటా ఎంతో తేల్చావా?

ఆ గ్యాస్ దాదాపు అంతా ఊపిరితోనే బయటికి పోతుంది, శరీరం మార్చేది 0.2 శాతమే. అందుకే ఎలుక లేచి నడవగానే పని అయిపోయిందనుకుంటాం. కానీ మత్తులో ఇన్సులిన్ విడుదల తగ్గి రక్తంలో గ్లూకోజ్ పెరుగుతుంది. ఒంటి వేడి కూడా చకచకా పడిపోతుంది. చలికి ముడుచుకున్న జీవికి ముందు కావలసింది వెచ్చదనం, మేత తర్వాత. పూర్తిగా లేచేదాకా హీటింగ్ ప్యాడ్ తీయకు. ఇంకొకటి, ఎలుకలకు వాంతి రాదు. మత్తుకు ముందు పస్తు పెట్టే అలవాటు ఉంటే మానెయ్, ఆ ఆకలి కూడా నీ లెక్కలో కలిసిపోతుంది.

నేనూ దెబ్బతిన్నాను. ఒకసారి పని తెమలక, లైట్లు ఆరడానికి కాస్త ముందు మత్తు ఇచ్చాను. ఎలుకలు ఎక్కువగా తినేది చీకట్లోనే. ఆ తొలి గంటలు కాస్తా మగతలో పోయాయి. మర్నాడు మిగిలిన మేత తూచి చూసి ఏదో కనిపెట్టేశానని ఎగిరాను! తేనెటీగలకు పగటిపూట ఐసోఫ్లురేన్ ఇస్తే వాటి లోపలి గడియారమే వెనక్కి జరిగి, మేతకు వెళ్లే వేళ తప్పిందని 2012లో న్యూజిలాండ్ పరిశోధకులు చూపించారు. కాబట్టి అన్ని గ్రూపులకూ ఒకే వేళలో ఇవ్వు, తెల్లారి లైట్లు వెలిగాక అయితే మేలు.

కంట్రోల్, అంటే పోల్చి చూడడానికి మందు ఇవ్వకుండా ఉంచే గ్రూపు, ఒక్కటి చాలదు. అదే పెట్టెలో ఉత్త ఆక్సిజన్ పీల్చినవి కొన్ని, గ్యాస్ పీల్చి మందు లేని ఇంజెక్షన్ తీసుకున్నవి కొన్ని ఉండాలి. చేత్తో పట్టుకున్నందుకే బెదిరి తినడం మానే ఎలుకలూ ఉంటాయి మరి.

నొప్పికి బ్యూప్రినార్ఫిన్ ఇచ్చే పని ఎప్పుడైనా పడితే బెడ్డింగ్ మీద, అంటే కేజ్‌లో పరిచే పొట్టు మీద, కన్నేసి ఉంచు. ముఖ్యంగా పెద్ద జాతి ఎలుకలు (ర్యాట్లు) ఆ మందు మీద మేత వదిలేసి బెడ్డింగ్ నములుతాయి.

తూకం సంగతి మరీ ముఖ్యం. చిట్టెలుక రోజుకు తినేదే 3 నుంచి 5 గ్రాములు. కేజ్ అడుగున రాలిన అర గ్రాము మేత పొడి నువ్వు ఏరకపోతే అది కూడా తిన్నట్టే లెక్కలో పడుతుంది. పొడి ఏరి, 2, 4, 24 గంటలకు తూచి, బరువులతో పాటు ఆ అంకెలు నాకు పంపు. మందు గురించి అప్పుడు మాట్లాడుకుందాం.