ఆశ్వయుజం, కార్తీకం: విశాఖలో పిల్లాపాపలతో తిరగాలంటే

చి॥ల॥సౌ॥ అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

మధురవాడ ఇంట్లో సామాన్లు సర్దుకోవడం అయిందన్నావు. మంచి రోజుల్లో దిగారు. దసరా మొదలుకొని కార్తీకం వెళ్ళేదాకా పిల్లలతో విశాఖ తిరగడానికి ఇంతకు మించిన కాలం లేదు. కానీ నువ్వు పంపిన లిస్టు చూస్తే భయమేసింది. ఒక్క ఆదివారంలో జూ, కైలాసగిరి, సబ్‌మెరైన్, ఋషికొండ నాలుగూ రాశావు. తొమ్మిదేళ్ళ పెద్దాడు తట్టుకుంటాడేమో గానీ, మధ్యాహ్నం నిద్ర మానని నాలుగేళ్ళ చంటిదీ, మోకాళ్ళ నొప్పులతో వదినగారూ ఎలా తట్టుకుంటారు? పూటకి ఒక్క చోటే పెట్టుకో. ఆ చోటు కూడా చంటిదాని నిద్రనీ వదినగారి మెట్లనీ చూసుకుని ఎంచు. ఈ లేఖంతా ఆ ఒక్క మాట కోసమే.

ముందు పొద్దు సంగతి. హైదరాబాదు కన్నా మనం బాగా తూర్పున ఉన్నాం, గడియారం మాత్రం ఒక్కటే. అందుకని ఇక్కడ సుమారు ఇరవై నిమిషాలు ముందే చీకటి పడుతుంది. అక్టోబరు నడుమకి ఐదున్నరకే పొద్దుగూకుతుంది, నవంబరులో ఇంకా ముందే. నాలుగున్నరకి టీ తాగి బయల్దేరితే ట్రాఫిక్ దాటి చేరేసరికి చూడ్డానికేం మిగలదు. సాయంత్రం షికారంటే మూడింటికల్లా గడప దాటాలి. లేదా పొద్దున్న ఏడింటికి వెళ్ళి పదకొండుకి ఇల్లు చేరాలి. అక్టోబరులో ఎండ తగ్గినట్టే ఉంటుంది గానీ ఉక్కపోత తగ్గదు. నడి మధ్యాహ్నం పిల్లల్ని బయట తిప్పకు.

రెండోది వాన. విశాఖలో బాగా వర్షం పడే నెలల్లో అక్టోబరు ఒకటి, తుపాన్ల కాలం కూడా. హుద్‌హుద్ ఊరి మీద పడింది 2014 అక్టోబరు 12న. వాతావరణ కేంద్రం అల్పపీడనం అన్న రోజునుంచే రెండు పూటలా వార్తలు చూడు. పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారంటే బీచ్, అరకు రెండూ మానుకోవడమే. వాన వెలిసిందని మర్నాడే కొండెక్కకండి. నానిన కొండచరియలు ఒకటి రెండు రోజుల తర్వాత కూడా జారతాయి. అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ రైలు లైను మీద బండరాళ్ళు పడి రైళ్ళు ఆగేది అలాంటప్పుడే.

సముద్రం గురించి కాస్త ఎక్కువగా రాస్తాను, చదివి అల్లుడికి కూడా వినిపించు. ఆర్.కె. బీచ్ చూడ్డానికి, కూర్చోడానికి, మొక్కజొన్న పొత్తు తినడానికి. స్నానానికి కాదు. అక్కడ ఒడ్డు మెల్లగా లోతుకి పోదు, నాలుగడుగులు వేసేలోపే దిగిపోతుంది. వెనక్కి మళ్ళే అల కాళ్ళ కింది ఇసుకను లాగేస్తుంది, పెద్దవాళ్ళే తూలిపోతారు. యారాడ మరీ కఠినం. నీళ్ళలో ఆడక తప్పదని పిల్లలు పట్టుబడితే ఋషికొండలో, లైఫ్‌గార్డులు ఉన్న వైపు, చీలమండ లోతు వరకే. చంటిదాని చెయ్యి పట్టుకున్న మనిషి ఫోను తియ్యకూడదు, సముద్రానికి వీపు పెట్టకూడదు. అలలు రెండు పక్కలా విరుగుతూ నడుమ ఒక జాగా మాత్రం ప్రశాంతంగా, మట్టిరంగులో కనబడితే పిల్లలకు అదే మంచి చోటనిపిస్తుంది. నీరు లోపలికి లాగేది అక్కడే. ఎవరైనా అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. ఒడ్డునున్నవాళ్ళు వెనకాలే దూకకుండా మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యానో, ట్యూబో విసరాలి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ. కార్తీక పౌర్ణమి సముద్ర స్నానానికి వేలమంది వచ్చేది సరిగ్గా ఆ రోజే. పిల్లలకు ఒడ్డునే చెంబుతో నీళ్ళు పోస్తే చాలు, పుణ్యమేం తగ్గదు. పోలి పాడ్యమి తెల్లవారుజామున అరటి దొప్పల్లో దీపాలు కూడా బీచ్‌లో వదలొద్దు. మొదటి అలకే బోల్తా పడతాయి, పిల్లలు వాటి వెంట పరుగెడతారు. ఇంట్లో వెడల్పాటి ఇత్తడి బేసిన్‌లో వదిలితే దీపం ఆఖరి దాకా నిలుస్తుంది, చంటిది తన చేత్తో తనే తోస్తుంది.

దసరాకి వన్ టౌన్ తీసుకెళ్ళు. కురుపాం మార్కెట్ కన్యకా పరమేశ్వరి అమ్మవారిని నవరాత్రుల్లో మహాలక్ష్మి అలంకారం నాడు కరెన్సీ నోట్లతో, బంగారంతో అలంకరిస్తారు. పెద్దాడు కళ్ళప్పగించి చూస్తాడు. బురుజుపేట కనక మహాలక్ష్మి అమ్మవారు దగ్గరే. అక్కడ గర్భగుడికి కప్పుండదు, ఎవరి చేత్తో వాళ్ళు పూజ చేసుకోవచ్చు. ఆ సందుల్లో కారు తిరగదు. కారు దూరంగా పెట్టి ఆటోలో వెళ్ళండి, అదీ పగటిపూట. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం. లక్షల జనం వస్తారు. చంటిదాన్ని, వదినగారిని ఇంట్లో ఉంచి, పెద్దాణ్ణి మాత్రం వాళ్ళ నాన్నతో పంపు. ముందురోజు జరిగే తొలేళ్ళ ఉత్సవానికి కూడా రద్దీయే.

బీచ్ రోడ్డు మ్యూజియంలకి సోమవారం సెలవు. జూకి కూడా అంతే, మర్చిపోయి చాలామంది గేటు చూసి తిరిగొస్తారు. మామూలు రోజుల్లో సబ్‌మెరైన్ మధ్యాహ్నం నుంచే కాబట్టి మూడింటికి వెళ్ళేలా చూసుకో. మ్యూజియంగా ఒడ్డున పెట్టిన ఆ కుర్సురా సబ్‌మెరైన్ లోపల ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ఇనుప ద్వారంలోంచి వంగి, కాలెత్తి దాటాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకీ, ఇరుకంటే ఊపిరాడనివాళ్ళకీ వద్దు. వదినగారితో బయట బెంచీ మీద ఒకరు కూర్చోండి. చంటిదాన్ని ఎత్తుకుని దాటుతుంటే తల పైచట్రానికి తగులుతుంది. ముందు నువ్వు దాటి, తర్వాత దాన్ని అందుకో. ఎదురుగా నేవీ వాడిన టీయూ-142 విమానం మ్యూజియం ఉంది, అది కూడా అదే సాయంత్రం అవుతుంది. అవి రెండూ కలిపి ఒక్క చోటు కిందే లెక్క.

జూకి మాత్రం పొద్దున తొమ్మిదికి గేటు తీసేసరికి ఉండాలి. ఎండెక్కితే పులులూ ఎలుగుబంట్లూ నీడలోకి పోయి పడుకుంటాయి. ఆరువందల ఎకరాల పైన ఉంది, నడిచి పూర్తి చెయ్యాలనుకోకు. వదినగారి కోసం లోపలికి వెళ్ళగానే బ్యాటరీ బండి టికెట్ తీసుకో. రెండు గేట్లున్నాయి: హైవే వైపొకటి, సాగర్‌నగర్ బీచ్ వైపొకటి. మీకు హైవే గేటు దగ్గర. ప్లాస్టిక్ కవర్లు తీసుకెళ్ళకండి, పళ్ళు స్టీలు డబ్బాలో పెట్టు.

తొట్లకొండ పెద్దాడి కోసం. 1988-93 మధ్య తవ్వకాల్లో బయటపడ్డ బౌద్ధారామం అది. కొండరాతిలో తొలిచిన తొట్లు వానల తర్వాత నిండుగా ఉంటాయి, అప్పుడు చూస్తేనే ఆ భిక్షువులు నీళ్ళెలా దాచుకున్నారో వాడికి అర్థమవుతుంది. వాటి అంచులు పాచి పట్టి జారతాయి, చెయ్యి వదలొద్దు. పైన నీడ లేదు, నీళ్ళు మీరే తీసుకెళ్ళాలి. కైలాసగిరికి మూడున్నరకి చేరితే రోప్‌వే వరస తక్కువ. గాలి ఎక్కువుంటే రోప్‌వే ఆపేస్తారు, రోడ్డు మీదుగా కూడా ఎక్కొచ్చు. భీమిలి వెళ్ళాలంటే 900కె బస్సుంది. ఆధార్ దగ్గర పెట్టుకుంటే, ఆడవాళ్ళకి ఉచిత బస్సు పథకం స్త్రీశక్తిలో నీకూ వదినగారికీ టికెట్ డబ్బులు పడవు.

ఇక కార్తీక వనభోజనాలు. మీ వీధివాళ్ళు నీ మీదే పెట్టారన్నావు, పాతిక మంది. ఆదివారాలకి ఆనందపురం, భీమిలి వైపు తోటలు ముందే మాటైపోతాయి. దీపావళికి ముందే వెళ్ళి తోట కళ్ళారా చూసి రా. ఫోన్లో ఉసిరి చెట్టుందని చెప్పి, తీరా వెళ్తే నడుమెత్తు మొక్క చూపిస్తారు. ఆడవాళ్ళకి మరుగుదొడ్డి, బోరు నీళ్ళు, కార్లు తిప్పుకునే జాగా ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూడు. కంబాలకొండలాంటి అటవీశాఖ చోట్ల పొయ్యి వెలిగించకూడదు. అక్కడైతే వంటంతా ఇంట్లోనే అయిపోవాలి.

పద్దెనిమిది మంది పెద్దలు, ఏడుగురు పిల్లలకి లెక్క రాసుకో. పులిహోరకి కిలోంబావు బియ్యం, చింతపండు నూటయాభై గ్రాములు, నూనె పావులీటరు. తెల్లన్నానికి కిలోంబావు, దద్దోజనానికి ముప్పావు. కందిపప్పు ముప్పావు కిలో. దప్పళానికి ఆనపకాయ, గుమ్మడి, ములక్కాడ, చిలగడదుంప అన్నీ కలిపి మూడు కిలోలు. ఉల్లి, వెల్లుల్లి వద్దు. తాగడానికి మనిషికి రెండు లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు మూడు. చేతులు కడుక్కోడానికి తోట నీళ్ళు లేకపోతే ఇంకో రెండు. అడ్డాకు విస్తళ్ళు ముప్పై ఐదు కొను, కొన్ని చిరుగుతాయి.

పాడయ్యేవి ఇవీ, ఇందుకు: పులిహోర వేడివేడిగా డబ్బాలో పెట్టి మూతేస్తే ఆవిరి నీరై కారి మధ్యాహ్నానికి పులుస్తుంది. వెడల్పు పళ్ళేల్లో ఆరబోసి, చెయ్యి పెడితే వేడి తగలనప్పుడు సర్దు. కొబ్బరి పచ్చడి మన ఉక్కపోతకి నాలుగ్గంటలు నిలవదు, అల్లం పచ్చడో ఉసిరి పచ్చడో చెయ్యి. పెరుగు కలిపేసిన అన్నం పన్నెండుకి పుల్లబడుతుంది. మెత్తగా వండిన అన్నంలో గోరువెచ్చని పాలు రెండున్నర లీటర్లు పోసి, రెండు గరిటెల పెరుగు తోడు వేసి పట్టుకెళ్ళు. తినే వేళకి కమ్మగా తోడుకుని ఉంటుంది, ఉప్పూ పోపూ అక్కడే కలుపు. నేల పైకి పొడిగా కనబడినా లోపల చెమ్మ ఉంటుంది. కింద టార్పాలిన్, దాని మీద దుప్పటి. దీపం చెట్టు మొదట్లో కాకుండా ఇటుక మీద పెట్టించు, పిల్లల పరికిణీలు, ఎండుటాకులు అంటుకునేది అక్కడే.

దీపావళి వెళ్ళిన నాలుగో రోజు నాగుల చవితి. మనవైపు పుట్ట దగ్గరికి ఊళ్ళకి ఊళ్ళు కదులుతాయి, చిమ్మిలీ చలిమిడీ టపాకాయలతో సహా. పుట్టలో చెంచాడు పాలు చాలు. లీటర్లు పోస్తే పుట్ట కూలుతుంది, లోపలి ప్రాణి బయటికొస్తుంది. పిల్లలకి బూట్లు వెయ్యి, కన్నం దగ్గర చెయ్యి పెట్టనివ్వకు, టపాకాయలు దూరంగా కాల్పించు. పొరపాటున కాటు పడితే గట్టిగా కట్లు కట్టొద్దు, కొయ్యొద్దు. కాలు కదపకుండా ఉంచి 108కి చెయ్యి.

చివరికి అరకు. ఒక్కరోజులో వెళ్ళి రావడం ఈ ఇంటికి పనికిరాదు. రోడ్డున నూట పదిహేను కిలోమీటర్లు, శృంగవరపుకోట దాటాక అంతా ఘాటే. ఒక రాత్రి ఉండండి. నవంబరు రెండో సగం పెట్టుకో, వలిసె పూలు పొలాలంతా పసుపుపచ్చగా విచ్చుకుని ఉంటాయి. పొలంలో దిగే ముందు రైతుని అడగండి, పదో ఇరవయ్యో పుచ్చుకుంటారు, ఇవ్వండి. నూనె తీసే ఆ గింజలే వాళ్ళ ఆదాయం, గట్టు మీద నుంచే ఫోటో తీసుకోండి. తేనెటీగలుంటాయి, చంటిదానికి సెంటూ పౌడరూ రాయకు.

వెళ్ళేటప్పుడు రైలే మేలు. పొద్దున్న ఏడు లోపే స్టేషన్ వదులుతుంది. రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుస్తారు, పెద్ద అద్దాల పెట్టె విస్టాడోమ్ కావాలంటే ఆ రోజే చూసుకోవాలి. తిరుగు ప్రయాణానికి కారు మాట్లాడి పైకి రమ్మను, దారిలో అనంతగిరి కాఫీ తోటలు, బొర్రా గుహలు చూసుకుంటూ దిగొచ్చు. బొర్రాలో మెట్లు చాలా, పైనుంచి నీళ్ళు కారి తడిగా ఉంటాయి. వదినగారు పైనే ఉండాలి, పిల్లలకి పట్టున్న బూట్లు ఉండాలి. గేటు దగ్గర కోతులు చేతిలో ఏ పొట్లం కనబడినా లాక్కుంటాయి. ఘాట్ దిగేటప్పుడు వాంతులు రాకుండా పాలు, నూనె పదార్థాలు వద్దు. ఖాళీ కడుపూ వద్దు, రెండు ఇడ్లీలు పెట్టు. పెద్దాణ్ణి కిటికీ పక్కన అద్దం దించి కూర్చోబెట్టు, ఫోను ఇవ్వకు. మాత్ర వెయ్యాలంటే మీ పిల్లల డాక్టర్నే అడుగు. స్వెట్టర్లు పైసంచీలో ఉండాలి, పొద్దు వాలగానే చలి మొదలవుతుంది.

ఎక్కడికి వెళ్ళినా బయల్దేరే ముందు పిల్లల్ని ఆ రోజు బట్టలతో ఒక ఫోటో తియ్యి. మణికట్టు లోపలి వైపు నీ నంబరు పెన్నుతో రాసి, మీద పారదర్శకమైన టేపు అంటించు. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో పెద్దాడికి ముందే చూపించు. బీచ్‌లో అయితే సబ్‌మెరైన్ దగ్గర. దొరక్కపోతే పది నిమిషాలు మీరే వెతుక్కుంటూ కూర్చోకుండా వెంటనే 112కి చెయ్యి.

వదినగారికి నమస్కారాలు చెప్పు. తోట చూసొచ్చాక ఎంతమంది తేలారో రాస్తే బియ్యం లెక్క సవరించి పంపుతాను.

మీ పెద్దమ్మ