జావెలిన్ విసిరే భుజం బిగుసుకుంటే ముందు వైపు సాగదీయకండి

కుడి చేయి వీపు మీద ఎడమ చేయంత పైకి అందడం లేదని, జావెలిన్ విసరబోతూ చేయి వెనక్కి తీసినప్పుడు భుజం వెనుక పొడుస్తోందని, గుమ్మం పట్టుకుని ఛాతీ సాగదీస్తున్నా తగ్గలేదని రాశారు. ఆ వ్యాయామం ఈ రోజే ఆపేయండి. కాలేజీలో విసిరే రోజుల్లో నేనూ ఆరు నెలలు అదే చేసి నొప్పి పెంచుకున్నాను.

భుజం కీలంటే లోతు లేని గిన్నెలో పెద్ద బంతి. రెండింటినీ చుట్టి పట్టుకునే సంచిని క్యాప్సూల్ అంటారు. జావెలిన్ చేతిని వదిలినా చేయి వేగం ఆగదు. దాన్ని ఆపే భారమంతా భుజం వెనుక కండరాల మీద, ఈ సంచి వెనుక భాగం మీద పడుతుంది. బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచర్లలో కొలిస్తే ఆ లాగుడు దాదాపు మనిషి బరువంత ఉంది! ఏళ్ల తరబడి దాన్ని భరించిన చోటు మందమై బిగుస్తుంది. అప్పుడు చేయి వెనక్కి తీయగానే బంతి పైకి, వెనక్కి జరిగి, కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ గిన్నె అంచు దగ్గర నలుగుతుంది. మీరు చెప్పిన పోటు అలాంటిదే అనిపిస్తోంది. ముందు వైపు సాగదీస్తే బిగుతు అలాగే ఉండి, ముందున్న పట్టు సడలుతుంది.

అయితే తగ్గిన కదలికంతా క్యాప్సూల్ వల్లే కాదు. చిన్నప్పటి నుంచి విసిరేవారికి పై చేతి ఎముకలోనే మెలిక తేడాగా ఉంటుంది. అది జబ్బు కాదు, సాగదీస్తే పోదు. అందుకే రెండు చేతులూ కొలిపించుకోవాలి. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి ఫిజియోథెరపిస్టు కొలిస్తే కుడి చేయి బయటికి 120, లోపలికి 35 డిగ్రీలు తిరిగింది. ఎడమది 100, 70. లోపలికి 35 డిగ్రీలు తగ్గిందని బెంబేలెత్తాను. కానీ ఎముక మెలిక వల్ల లోపలికి తగ్గినంత బయటికి పెరుగుతుంది కాబట్టి రెండూ కలిపి చూడాలి: కుడిది 155, ఎడమది 170. మేం పట్టించుకోవలసిన తేడా ఆ 15 డిగ్రీలే.

నాకు పనిచేసింది ఇది: గోడకు వీపు ఆనించి, రెక్క ఎముక కదలకుండా, ఎడమ చేత్తో కుడి మోచేతిని ఛాతీకి అడ్డంగా లాగడం. 30 సెకన్ల చొప్పున రోజుకు 5 సార్లు. లాగినట్టు భుజం వెనుకే తెలియాలి. ముందు వైపు గుచ్చితే వెంటనే వదిలేయండి. నాకు తేడా తెలియడానికి ఆరు వారాలు పట్టింది, అప్పటిదాకా విసరలేదు. రాత్రి నొప్పికి మెలకువ వస్తున్నా, చేయి ఎత్తలేకపోతున్నా ముందు ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించండి.

కొలతలు తీయించాక రెండు చేతుల అంకెలూ ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.