ఆర్కిడ్ పూల కాడకు మొగ్గల బదులు ఆకులు వస్తే కోసెయ్యాలా?

కరీంనగర్‌లో మీ ఫెలనాప్సిస్ ఆర్కిడ్‌కు జనవరిలో పూల కాడ వచ్చిందని, రెండు నెలలైనా ఒక్క మొగ్గ లేదని, ఇప్పుడు పై నుంచి రెండో కణుపు దగ్గర రెండు బుల్లి ఆకులు పుట్టాయని రాశారు. ఇది రోగమేమో, కాడ కోసెయ్యాలేమో అని మీ టెన్షన్. రోగం కాదండీ. కత్తెర లోపల పెట్టెయ్యండి. అది పిల్ల మొక్క. ఆర్కిడ్లు పెంచేవాళ్లు దీన్ని కేకీ అంటారు. హవాయి భాషలో ఆ మాటకు అర్థం చంటిపిల్ల అనే.

నాకూ అచ్చం ఇలాగే అయింది. హనుమకొండలో మాది రెండో అంతస్తు, తూర్పు బాల్కనీ. 2021 మార్చిలో ఒక రోజు కణుపు మీది పల్చటి పొర విచ్చుకుని పెసర గింజంత పచ్చటి మొన కనిపించింది. మొగ్గే అనుకుని ఇంట్లో అందరినీ పిలిచి మరీ చూపించాను. పది రోజులకు అది రెండుగా చీలి, పిల్లి చెవుల్లా నిలబడింది. మా అత్తమ్మది పర్వతగిరి దగ్గర పల్లె. కళ్లజోడు పెట్టుకుని ఒక్కసారి చూసి, "పువ్వు గాదు బిడ్డా, పిలక. అరటి పెట్టినట్టు గిది గూడ పిల్ల పెట్టింది" అన్నది. అరటికి పిలక దుంప నుంచి వస్తది గానీ గెల నుంచి రాదు కదా అత్తమ్మా అని వాదించాను. నెల తిరిగేసరికి ఆ ఆకుల కింద తెల్లటి వేరు మొన బయటపడింది. ఇక వాదించడానికేం లేదు.

ఎందుకిలా అంటే, ఫెలనాప్సిస్ పూల కాడ మీద కింది కణుపుల్లో నిద్రపోతున్న కన్ను ఒక్కొక్కటి ఉంటుంది. అది పూల కొమ్మ కావచ్చు, మొక్కా కావచ్చు. కాడ పుట్టడానికి కొన్ని వారాల పాటు 25, 26 డిగ్రీల లోపు చల్లదనం కావాలి. 28 దాటి వేడి నిలబడిందంటే మొక్క మనసు ఆకుల మీదికి మళ్లుతుంది. కాడ బయటపడ్డాక పూలు విచ్చుకోవడానికి దాదాపు మూడు నెలలు. మన దగ్గర లెక్క తప్పేది ఇక్కడే. జనవరిలో బయల్దేరిన కాడ మొగ్గ తొడిగే వేళకు, శివశివా అంటూ చలి వెళ్లిపోయి ఎండ మొదలవుతుంది. నేనైతే పూలు తొందరగా రావాలని వారం వారం 19:19:19 ఎరువు కూడా పోశాను. నత్రజని ఎక్కువై అదీ తోడైందని నా అనుమానం.

ఇప్పుడు చెయ్యాల్సింది ఎదురుచూడటమే. పిల్లకు కనీసం మూడు వేర్లు వచ్చి, ఒక్కోటి రెండు మూడు అంగుళాలు అయ్యేదాకా తల్లి నుంచి వేరు చెయ్యకండి. మా దానికి ఆరు నెలలు పట్టింది. అసలు కష్టం ఏప్రిల్, మే నెలల్లోనే. గాలిలో వేలాడే ఆ లేత వేర్లు మన ఎండలకు ఇట్టే మాడిపోతాయి. నేను కుండీని హాల్లో కూలర్ పక్కన పెట్టాను, ఎదురుగా కాదు, పక్కన. పొద్దున ఒకసారి, నాలుగింటికి ఒకసారి వేర్ల మీద నీళ్లు స్ప్రే చేశాను. వేరు వెండి రంగులో ఉంటే దాహంగా ఉన్నట్టు, తడవగానే పచ్చబడుతుంది.

కోసేటప్పుడు పిల్లకు అటూ ఇటూ అంగుళం కాడ వదలాలి. కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్దండి, వేర్లకు మాత్రం తగలనివ్వకండి, ఎండిపోతాయి. బొగ్గు, ఇటుక ముక్కలు, కడిగిన కొబ్బరి డొక్క కలిపి, చిల్లులు పెట్టిన పెరుగు డబ్బాలో నాటాను. ఎర్రమట్టిలో పెట్టమని చెప్పేవాళ్లు దొరుకుతారు, వినకండి. ఆ పిల్ల 2024 ఫిబ్రవరిలో పూసింది, తల్లి రంగే. విత్తనం మొక్క కాదు కదా, రంగు మారదు.

అన్నట్టు, మీది నిజంగా కాడేనా? మరుసటి ఏడు నేను ఒక వేరును కాడ అనుకుని, పుల్ల పాతి, దారం కట్టి నెల రోజులు సేవ చేశాను. వేరు కొస గుండ్రంగా, నున్నగా ఉంటుంది. కాడ కొస కాస్త చప్పిడిగా, బొటనవేలొక్కటే విడిగా ఉండే చేతి తొడుగులా ఉంటుంది. మీదాంట్లో కణుపులు కనిపిస్తున్నాయంటే కాడే అయి ఉంటుంది.

ఇంకొక్కటి, ఈ రోజే చూడండి. తల్లి మొక్క నడిమి ఆకును రెండు వేళ్లతో మెల్లగా కదపండి. గట్టిగా ఉంటే పిల్ల వేడికి వచ్చిందే. మెత్తబడి ఊడి వస్తే మాత్రం మొవ్వు కుళ్లిపోయిందన్నమాట. ఫెలనాప్సిస్ ఆ ఒక్క మొవ్వు నుంచే పైకి పెరుగుతుంది, అది పోతే తన బదులు పిల్లను పెట్టి పోవాలని చూస్తుంది. మొవ్వు అలా కుళ్లి ఉంటే పైనుంచి నీళ్లు పొయ్యడం ఆపి, నడిమిన నిలిచిన నీటిని దూదితో అద్ది తీసెయ్యండి. తల్లి ఆకులు పచ్చగా ఉన్నంతకాలం పిల్లను దానికే ఉంచండి.