చుట్టాలొచ్చారు, అందుకే రాయలేదు

తిరుపతి

నాయనా,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ రెండుసార్లు చదివాను. రెండో కథ ఎనిమిది నెలలుగా నాలుగో పేజీ దాటకపోవడానికి కారణాలు రాశావు. అక్క పెళ్లి, ఆఫీసులో ఆడిట్, లాప్‌టాప్ కీబోర్డు, పక్కింట్లో బోరు వెయ్యడం, ఇంకో మూడు. మొత్తం ఏడు. బోరు లారీ రాత్రంతా మోగడం గురించి రాసిన నాలుగు లైన్లు చాలా బాగున్నాయి. సాకులే ఇంత బాగా రాసేవాడికి కథ రాయడం చేతకావట్లేదంటే నేను ఒప్పుకోను.

కోప్పడకు. ఈ విద్యలో నేను నీకంటే సీనియర్‌ని. చిత్తూరులో ఉన్నావు కాబట్టి నువ్వు సాకులు వెతుక్కోవాలి. తిరుపతిలో అవి రైలు దిగి ఇంటికే వస్తాయి. దర్శనం టికెట్లు, కొండమీద రూము, పిల్లాడికి గుండు, తిరుగు రైలుకి పులిహోర పొట్లాలు. "రాద్దామనే అనుకున్నా, చుట్టాలొచ్చారు" అంటే ఈ ఊళ్లో మారు ప్రశ్న ఉండదు. నా మొదటి నవల చివరి అధ్యాయం అలా రెండేళ్లు ఆగింది. ఒకరోజు మా గుంటూరు చిన్నాన్నకి నేనే ఫోన్ చేసి, "కొండకొచ్చి చాన్నాళ్లయింది కదా, ఈ శనివారం రాకూడదా" అన్నాను. ఫోన్ పెట్టేశాక తట్టింది, ఆ శనివారం సెలవు పెట్టుకున్నది ఆ అధ్యాయం పూర్తి చెయ్యడానికని.

అంతకుముందు ఇంకోటి. ఒక కథల పోటీకి రెండు నెలల గడువుంది. గడువు తేదీకి ముందురాత్రి కూర్చుని, తెల్లారేసరికి పద్నాలుగు పేజీలు గీకేసి, ఫెయిర్ కాపీ కూడా చెయ్యకుండా రైల్వేస్టేషన్ దగ్గర ఆర్.ఎం.ఎస్. తపాలా ఆఫీసుకి పరిగెత్తాను. ఆ రోజు ముద్ర పడితే చాలు. కవరు అంటించడానికి, బల్లమీది డబ్బాలో ఎండిపోయిన జిగురుని గోటితో గీరుకున్నాను. బహుమతి రాలేదు. అడిగినవాళ్లందరికీ "ఒక్క రాత్రిలో రాసింది కదండీ" అని చెప్పుకున్నాను, కాస్త గొప్పగానే. మా ఆవిడ మాత్రం బీన్స్ తుంచుతూ అడిగింది: "రెండు నెలలూ కూర్చుని రాసినా రాకపోయుంటే, అప్పుడేం చెప్పేవాళ్లు?"

ఆ ప్రశ్న ఎదురుకాకూడదనే నేను ఆ రెండు నెలలూ పెన్ను ముట్టుకోలేదని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

దీనికి మనస్తత్వ శాస్త్రంలో సెల్ఫ్ హ్యాండిక్యాపింగ్ అని పేరు. ఓడిపోతే నెపం వెయ్యడానికి ఒక అడ్డంకిని ముందే తెచ్చి పెట్టుకోవడం. 1978లో అమెరికాలో స్టీవెన్ బెర్గ్లాస్, ఎడ్వర్డ్ జోన్స్ అనే ఇద్దరు ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ విద్యార్థుల్లో కొందరికి చెయ్యగలిగిన లెక్కల్లాంటివి, కొందరికి ఎంత కొట్టుకున్నా తేలనివి ఇచ్చారు. అందరితోనూ "చాలా బాగా చేశారు" అన్నారు. రెండో పరీక్షకి ముందు రెండు మందుల గురించి చెప్పారు. ఒకటి బుర్రని చురుగ్గా చేస్తుంది, ఇంకోటి మొద్దుబారుస్తుంది, కావలసింది ఎంచుకోండి అన్నారు. (నిజంగా మందేమీ ఇవ్వలేదులే.) గుడ్డిగా జవాబులు పెట్టి మెప్పు పొందిన మగపిల్లల్లో ఎక్కువమంది మొద్దుబార్చే మందే అడిగారు. ఆడపిల్లల్లో ఆ ధోరణి కనబడలేదు. ఈ సంగతి చెబితే మా ఆవిడ ఏమీ అనలేదు, నవ్వి ఊరుకుంది.

నీకు పట్టుకున్నదీ ఇదే అని నా అనుమానం. నీ మొదటి కథ ఆదివారం అనుబంధంలో వచ్చింది. అందరూ "సూపర్" అన్నారు. ఏది సూపరో ఒక్కరూ చెప్పలేదు. నీకూ తెలియదు. మళ్లీ అలా కుదురుతుందో లేదోనన్న భయంతో రెండో కథని ఎవరూ చూడని చోట దాచి కూర్చున్నావు.

అందుకే పాత కాగితాలు బయటికి తియ్యి. ఆ మొదటి కథ నాలుగు ప్రతులూ నాకు పంపించావు, నా దగ్గర ఉన్నాయి. బెల్లం గానుగ దగ్గర అవ్వ వచ్చే చోటు చూడు. మొదటి ప్రతిలో "అవ్వ పాకం చూసింది" అని మూడే ముక్కలు. రెండోదాంట్లో గరిటె వచ్చింది. మూడోదాంట్లో అవ్వ పాకం చుక్కని నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి, మనవడి అరచేతిలో పెట్టింది. వాడు చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ఆ ఉండ అదృష్టం కొద్దీ రాలేదబ్బా. మూడోసారి కూర్చున్నావు కాబట్టి వచ్చింది. రెండో కథకి నువ్వింకా ఒక్కసారే కూర్చున్నావు.

అన్నీ సాకులే అననులే. అక్క పెళ్లి నిజంగా పెళ్లే. పనులు చెయ్యాలి, వడ్డించాలి. తేడా తెలుసుకోవడానికి నేను వాడే కొలత ఒకటుంది. అడ్డంకి వచ్చిన క్షణంలో లోపల "అయ్యో" అనిపించిందా, "హమ్మయ్య" అనిపించిందా? కీబోర్డు పాడైన రోజు నీకేమనిపించిందో నాకు చెప్పనక్కర్లేదు.

"హమ్మయ్య" అయితే తిట్టుకోవద్దు. కెనడాలో 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో, మొదటి పరీక్షకి చదవడం వాయిదా వేసినందుకు తమని తాము క్షమించుకున్న విద్యార్థులు, తర్వాతి పరీక్షకి అంతగా వాయిదా వెయ్యలేదని తేలింది. తిట్టుకుంటూ కూర్చోవడం కూడా రాయకుండా ఉండటానికి ఒక పద్ధతే మరి. ఆ టైములో నిన్న రాసిన ఆఖరి వాక్యాన్ని చేత్తో మళ్లీ ఒకసారి రాయి, చాలు. నాకు చాలాసార్లు దాని వెనకాలే ఇంకోటి వచ్చింది. రాని రోజులూ ఉన్నాయి, లేచిపోయి కాఫీ తాగాను.

వచ్చే ఆదివారం ఆ నాలుగు పేజీలూ కొట్టివేతలతో సహా పట్టుకుని పొద్దున బస్సుకే వచ్చెయ్యి. బాగుచేసి తెస్తానంటే మాత్రం రావద్దు, ఆ బాగుచెయ్యడంలో ఇంకో ఎనిమిది నెలలు పోతాయి. భోజనం ఇక్కడే. ఇల్లు కాస్త గోలగా ఉంటుంది, మా తోడల్లుడు వాళ్లు దర్శనానికి వస్తున్నారు.

ఈసారి నేను పిలవలేదు.