సగంలో ‘చాలమ్మా’ అన్నారు

ప్రశ్న: కొత్త నాటికల పండుగకి నటుల ఎంపిక అంటే పోయిన నెల వెళ్లాను. రెండు నిమిషాల డైలాగు బట్టీపట్టి వెళితే సగంలో ఆపి ‘చాలమ్మా’ అన్నారు. ఈ ఆదివారం ఇంకో బృందం పిలిచింది. నా చిత్తూరు యాస ఎంతకీ పోవడం లేదు. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఆ బల్లకి అవతల చాలాసార్లు కూర్చున్నదాన్నే తల్లీ. ‘చాలు’ అంటే చాలనే అర్థం. బయట ఇంకా పాతిక మంది ఉంటారు. గొంతు, నిలబడే తీరు అర నిమిషంలో తెలిసిపోతాయి. దాన్ని వదిలెయ్.

కొత్త నాటికలో నీ పాత్రని ఇదివరకు ఎవరూ వేసి ఉండరు, చూసి అనుకరించడానికి. అందుకే అప్పటికప్పుడు ఒక కాగితం ఇచ్చి, ‘ఇదే మాట కోపంగా కాదు, నవ్వుతూ చెప్పు’ అంటాం. బట్టీపట్టినవాళ్లు అక్కడే బిగుసుకుపోతారు. ఒకసారి ఒక పిల్ల ‘అన్నం తిన్నావా’ అన్న మాటని ముందు లాలనగా అంది, మళ్లీ అడిగితే తిట్టులా అంది. మిగతాది వినకుండానే టిక్కు పెట్టేశాను.

యాసంటావా, గంగ జాతరలో బైరాగి వేషం, బండ వేషం కట్టి వీధుల్లో తిట్టుకుంటూ తిరిగే ఊరు మనది! అక్కడ లేని సిగ్గు ఇక్కడెందుకు? పాత్రది ఏ ఊరని అడుగు. మన వైపుదైతే ‘వస్తా ఉండా’ అనే అను. గుంటూరుదైతే మాత్రం కష్టపడాల్సిందే.

అన్నట్టు, కాగితం ముఖానికి అడ్డం పెట్టుకోకు. సగం మంది చేసేది అదే.